ఒడ్డు మీది వాకిలి



చలికాలము మొదలుకొని ఎండలు ముదిరేవరకు కొచ్చి రేవునకు పెద్ద పెద్ద విహార నౌకలు వస్తాయి. విల్లింగ్డన్ దీవిలో 2021లో ప్రారంభమైన సాగరిక అను ప్రయాణికుల భవనము వాటి కొరకు కట్టినదే. సాధారణముగా ఓడ ఒక్క పగలు మాత్రమే ఆగుతుంది గనుక, దిగినవారు ఆ పగలు ఏమి చూడవలెనో ఓడవారే ముందుగా ఏర్పాటు చేసి టికెట్లు అమ్మియుంటారు. వాటిలో మిక్కిలి పేరుపొందినది అలెప్పీ ఇంటిపడవ ప్రయాణము. బస్సులో గంటన్నర, పడవలో కొన్ని గంటలు, పడవలోనే అన్నము, వేయించిన కరిమీన్ చేప, మరల బస్సు. సాయంకాలమునకు ఓడ మెట్లెక్కి తీరవలెను. ఓడవారి ఏర్పాటు కాక సొంతముగా పోయి ఆలస్యమైనవారి కొరకు ఓడ ఆగదు.

ఓడలో వచ్చిన పరదేశుల సంగతి మనకెందుకని అనుకొనవద్దు. ఆ పడవలు ఎక్కేవారిలో మన దేశస్థులే ఎక్కువ. బెంగుళూరు నుండి, చెన్నై నుండి సెలవులలో మన కుటుంబములు, మన యువజనులు కూడ పోయి వస్తూనే ఉన్నారు. కోనసీమలో దిండి యొద్ద కూడ ఇటువంటి పడవలే వచ్చినవి. ఓడ ప్రయాణికుని విషయములో ప్రశ్న కొంచెము స్పష్టముగా కనబడుతుంది, అంతే.

ఆ ప్రశ్న ఇది. పడవ పైఅంతస్తులో కుర్చీ వేసికొని కూర్చున్నవాడు చూచేదేమిటి? నీళ్లు, కొబ్బరిచెట్లు, వరిచేలు అని చెప్తారు. నిజమే గాని, గంట గడిచిన తరువాత ఏ కొబ్బరిచెట్టయినా ఒకటే. కన్ను ఆగేది మనుష్యుల యొద్ద. రేవు మెట్ల మీద గిన్నెలు తోముకొంటున్న ఇల్లాలు, నడుము లోతు నీళ్లలో నిలిచి ఒళ్లు రుద్దుకొంటున్న పెద్దాయన, యూనిఫాంలు తడవకుండ చిన్న పడవలో సర్దుకొని కూర్చున్న బడిపిల్లలు. అక్కడ చాల ఇండ్లకు వీధి ఉండదు, కాలువే వీధి. గట్టు సన్నము, ఇల్లు గట్టు మీద. మనకు పెరటిలో జరిగే పనులు వారికి కాలువ ఒడ్డున జరుగుతాయి. ఆ ఒడ్డు ప్రక్కగా రోజంతా పడవలు పోతూనే ఉంటాయి, ప్రతి పడవలోను కెమెరాలు. ఒకరి వాకిలిని వేరొకరు వెలకట్టి అమ్మవచ్చునా? డబ్బు ఇచ్చినాము గదా అని కొన్నవాడు చూడవచ్చునా?

చూపునకు సుంకమేమిటి అని ఒక జవాబు ఉన్నది. ఎవరో చూచినంత మాత్రమున ఆ ఇల్లాలి గిన్నెలలో ఒకటి తగ్గదు. పైగా పడవ నడిపేవానికి, వంటవానికి, వారి కుటుంబములకు ఆ చూపే అన్నము పెడుతున్నది. ఈ జవాబును తేలికగా త్రోసివేయరాదు. ఆ పడవల చరిత్రే దానికి సాక్ష్యము. కెట్టువళ్ళము అనగా కట్టిన పడవ అని అర్థము. ఆంజిలి చెక్క పలకలను మేకులు లేకుండ కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టి, జీడిగింజల పెంకుల నుండి తీసిన నల్లని జిగురు పూసి చేసేవారు. కుట్టనాడు ధాన్యమును కొచ్చి బజారుకు చేర్చినవి ఇవే. వంతెనలు, లారీలు వచ్చిన తరువాత వాటికి పని పోయినది. 1990లలో వాటి మీద గదులు కట్టి యాత్రికులను ఎక్కించుట మొదలుపెట్టకపోతే, ఆ పడవలతోబాటు వాటిని కుట్టే చేతులు కూడ మరుగైపోయి ఉండేవేమో. కడుపు నిండినవారు కూర్చుండి ఇది చెడ్డ సొమ్మని తీర్పు చెప్పుట సులభము. మేము ఆ పక్షమున లేము.

అయినను ఆ జవాబు సగమే. జీతము పుచ్చుకొనేది పడవవాడు, చూడబడేది ఒడ్డునున్న ఇల్లాలు. ఓడవారు, ఏజెంటు, పడవ యజమాని, పనివారు అని పంపకము జరిగినప్పుడు ఆమె పేరు ఆ వరుసలో లేదు. ఆమెను అడిగినవారు కూడ లేరు.

ఇరుగుపొరుగువారు కూడ ఆమెను చూస్తారు గదా, అప్పుడు లేని ఇబ్బంది ఇప్పుడేమిటని అడగవచ్చును. పొరుగువాడు చూచినప్పుడు తానును చూడబడతాడు. అతని ఇంట గిన్నెలు ఎవరు తోముతారో, నిన్న రాత్రి గొడవ దేనికి వచ్చినదో, అతని కొడుకుకు ఉద్యోగము ఎందుకు పోయినదో ఆమెకు అంతా తెలుసు. పడవలోని మనిషి సంగతి ఆమెకు ఏమియు తెలియదు, ఎన్నటికిని తెలియదు. చూపు ఒకవైపే పోతుంది. మా తలంపున చూచుట తప్పు కాదు. తాను చూడబడకుండ చూచుటలోనే చిక్కు ఉన్నది.

ఇది మనకు క్రొత్త సంగతి కాదు. పూరీ సముద్రతీరమున పెంఠకటా అను జాలరిపేటలో తెలుగు మాటలాడేవారు తరతరాలుగా కాపురమున్నారు. అక్కడివారు వారిని నోలియాలు అంటారు. కోసుగా ఉండే టోపీ పెట్టుకొని, యాత్రికుల చేయి పట్టుకొని సముద్రస్నానము చేయించే నోలియా ఎన్ని ఫోటోలలోనికి ఎక్కినాడో లెక్కలేదు. వల లాగుతుంటే ఫోటో, పడవ నెట్టుతుంటే ఫోటో, చేపలు ఆరబోస్తుంటే ముక్కు మూసికొని మరీ ఫోటో. చూచిపోయినవారిలో, మీరు ఇంటిలో ఏ భాష మాటలాడుకొంటారని అడిగినవారు ఎందరు? ఒడిషాలోని మన సంఘములవారికి దీనిని వివరించనక్కరలేదు. పరవాసులుగా బ్రతికినవారికి, తమ్మును చూచియు చూడని చూపు ఎట్లుంటుందో తెలిసియే ఉన్నది. ఆ తెలిసినవారే సెలవులకు అలెప్పీ పోయి పడవ పైఅంతస్తు ఎక్కినప్పుడు ఆ ఎరుక రేవులోనే దిగిపోవుట మాకు వింతగా తోచును.

ఆ చూపులో ఇంకొక లోటు కూడ ఉన్నది. ప్రకటనలలో ఆ ప్రాంతమును మనిషి చేయి పడని ప్రకృతి అన్నట్టు వ్రాస్తారు. కుట్టనాడులో మనిషి చేయి పడని చోటు వెదకి చూపుట కష్టము. అక్కడి వరిపొలములలో చాల భాగము సముద్రమట్టమునకు ఒకటి రెండు మీటర్లు దిగువన ఉన్నవి. వేంబనాడు సరస్సులో కొబ్బరి మొద్దులు, వెదుళ్లు దిగగొట్టి, కూలీలు నీటిలో మునిగి అడుగు నుండి బంకమన్ను తోడి తెచ్చి గట్లు వేసినారు. లోపలి నీటిని మొదట కాలితో త్రొక్కే చక్రములతో, తరువాత ఇంజనులతో బయటికి తోడినారు. 1940లలో మురిక్కన్ అను భూస్వామి చిత్తిర, మార్తాండం, రాణి అను మూడు పొలములను సరస్సులోనుండి ఇట్లే లేపినాడు. ఆ పేర్లు తిరువాన్కూరు రాజకుటుంబమును తలచి పెట్టినవి. మన్ను మోసిన పులయ కూలీల పేర్లు ఆ మూడింటిలో లేవు. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆ సేద్యమును ప్రపంచ ప్రాముఖ్యము గల వ్యవసాయ వారసత్వముగా గుర్తించినది. అంత శ్రమను చూచి, దేవుడిచ్చిన దృశ్యము అని మాత్రము చెప్పి పోవుట భక్తిగా కనబడవచ్చును గాని, ఆ కూలీకి బాకీ మిగిలియే ఉంటుంది. 1876–78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో ఒక భాగమును కాంట్రాక్టుకు తీసికొని ఆకలితో ఉన్నవారిచేత త్రవ్వించిన సంగతి మన సంఘములలో ఎరుగనివారు అరుదు. ఆ కాలువ ఒడ్డున నిలిచి, ఇది తనంతట తాను పారుతున్న ఏరు అని ఎవరైన అంటే మనకు ఎట్లుంటుంది?

మురికి విషయములో మాత్రము వాదమునకు చోటు లేదు. సరస్సు కష్టములన్నియు యాత్రికులే తెచ్చినారనుట అన్యాయము. ఉప్పునీరు పొలములకు ఎక్కకుండ 1976లో తన్నీర్ముక్కము యొద్ద కట్టిన అడ్డుకట్ట వలన నీటి పారుదల తగ్గి, గుర్రపుడెక్క పెరిగినది, చేప తగ్గినది. పొలముల మందులు, పట్టణముల మురుగు ఎటూ ఉన్నవి. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరిన నీరు అది. ఆ నీటిలోనికే పడవల డీజిలు, పాయిఖానాల మురికి కలిసినప్పుడు అతిథికి ఏ సమాధానమును లేదు. చుట్టు నీళ్లున్నను కుట్టనాడులో త్రాగునీటికి కటకట. అతిథి వచ్చి ఆతిథ్యమిచ్చినవాని బావిలో ఉమ్మివేయడు గదా! 2018 ఆగస్టు వరదలో ఆ గట్ల మీది ఇండ్లు మునిగి జనము శిబిరములకు పోయినారు. సముద్రపు జాలరులు తమ పడవలను లారీల మీద తెచ్చి కేరళలో వేలమందిని దాటించినారు. డిసెంబరులో నిశ్చలముగా ఉన్న నీటిని చూచేవాడు, అది ఏ గోడ ఎంత ఎత్తువరకు ఎక్కినదో అడిగితే ఒడ్డునున్నవారు చేయి ఎత్తి చూపగలరు.

అయితే పోకూడదా? పోవచ్చును. అలెప్పీ జెట్టీ నుండి కుట్టనాడు గ్రామములకు రాష్ట్ర జలరవాణా శాఖవారి పడవలు తిరుగుతాయి. ఆ శాఖవారే 2017లో వైకోము, తవణక్కడవుల మధ్య ఆదిత్య అను సౌరశక్తి పడవను నడుపుట మొదలుపెట్టినారు. టికెట్టు కొద్ది రూపాయలు. పైఅంతస్తులో కుర్చీలు లేవు, బల్లలే. కూరగాయల సంచీతో ఎక్కిన ఆమె ప్రక్కన కూర్చుంటే, ముందుగా ఆమెయే మిమ్మును తేరిపార చూస్తుంది, ఏ ఊరని అడుగుతుంది, ఎంతమంది పిల్లలని అడుగుతుంది. ఆ కాలువ, ఆ కొబ్బరిచెట్లు అవే. ఓడ ప్రయాణికులకు దీనికి సమయము చాలదని ఏజెంట్లు అంటారేమో. పడవలో భోజనమునకు కేటాయించిన సమయములో సగము చాలును.