చూసిందీ, అనుకున్నదీ

మనిషి కనపడకుండా పోయాడంటే చాలు, ఊళ్లో ప్రతివాడూ పోలీసైపోతాడు. టీ బడ్డీ దగ్గర కూర్చున్నవాడు ఆ మనిషిని చివరిసారి ఎవరు చూశారో తేల్చేస్తాడు. రేవులో వల బాగుచేసుకునేవాడు శవం ఏ లంక కింద తేలుద్దో చెప్పేస్తాడు. చెప్పులు ఇక్కడ దొరికాయి కాబట్టి అక్కడ చంపారంటాడు ఇంకొకడు. ఇప్పుడైతే ఇదంతా సెల్‌ఫోన్లోనే నడిచిపోతోంది. ఈ మాటలకి ఖర్చు లేదు. రేపు బోనెక్కి చెప్పాల్సిన పనీ లేదు. చూడనిదాన్ని ఇలా ఊహించి చెప్పే హక్కు మనకుందా? ఉంటే ఎంతవరకు? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్లుగా తొలుస్తోంది.

మాది యానాం. 1954లో ఫ్రెంచివాళ్లు పోయాక పుదుచ్చేరి పాలన కిందికి వచ్చాం. ముప్ఫై చదరపు కిలోమీటర్ల నేల, చుట్టూ ఆంధ్ర. ఇక్కడ కేసు పెద్ద కోర్టుకి ఎక్కితే మద్రాసు పోవాలి. గౌతమి దాటి ఎదుర్లంకలో దిగితే పోలీసూ వేరు, హైకోర్టూ వేరు. గోదారికి మాత్రం ఈ హద్దులు తెలీవు. పోటుకి పైకొస్తుంది, పాటుకి సముద్రంలోకి పోతుంది. అందులో పడ్డ శవమూ అంతే.

వారధి ఇంకా కట్టని రోజుల్లో మా చిన్నాన్న పంటెక్కి కొబ్బరి ఒలుపు పనికి పోయాడు. తిరిగి రాలేదు. మా నాన్న రెండు స్టేషన్ల చుట్టూ తిరిగాడు. ఒకచోట పని చేసిన ఊరికి పొమ్మన్నారు. ఇంకోచోట సొంతూరికి పొమ్మన్నారు. కాగితం మీద ఎవరూ ఏమీ రాసుకోలేదు. రాసుకోనిచోట మాటలు పుట్టుకొచ్చాయి. ఊళ్లోవాళ్ల మాట ఒకటి: "తాగి ఏ కాలవలోనో పడుంటాడు. లేదంటే ఎవతెనో తీసుకుని విశాఖ పోయుంటాడు." మా పేట మాట ఇంకొకటి: "కూలి డబ్బుల కాడ తగాదా అయింది. కొట్టి చంపి పాతేశారు."

మా నాయనమ్మ మాత్రం వచ్చినవాళ్లందర్నీ ఒక్కటే అడిగేది. "నువ్వు చూశావా?"

"చూళ్లేదు గానీ అత్తా..."

"చూసింది చెప్పు నాయనా. అనుకోడం నాకూ వచ్చు."

ఆవిడకి అక్షరం ముక్క రాదు. చిన్నాన్న రాలేదు, శవమూ రాలేదు. పిన్ని తాళి తీయాలో ఉంచుకోవాలో చెప్పగల మనిషి లేకపోయాడు. ఏడేళ్లు కబురు లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలోనూ అదే ఏడేళ్లు. చచ్చిపోయాడని అనుకోడానికి చట్టం దారి చూపింది. ఎలా చచ్చిపోయాడో వెతకడం మాత్రం ఆ ఏడేళ్ల లెక్కలో లేదు.

ఊరి ఊహా పేట ఊహా రెండూ ఊహలే కదా అనొచ్చు. అవి చేసే పని ఒకటి కాదు. తాగి పడ్డాడంటే ఇక వెతకక్కర్లేదు. లేచిపోయాడంటే అడగనే అక్కర్లేదు. ఆ ఊహ తలుపు మూసేస్తుంది. చంపేశారేమో అన్న ఊహ వెతకమంటుంది, తవ్వమంటుంది. అంచేత అనుమానపడే హక్కు పేదవాడికి తప్పకుండా ఉంది. దర్యాప్తు చెయ్యాల్సినవాడు కదలనప్పుడు మన దగ్గర మిగిలేది అనుమానమే.

చుండూరు గుర్తు తెచ్చుకోండి. 1991 ఆగస్టు 6న పట్టపగలు, ఊళ్లో పోలీసులుండగానే, ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. పొలాల్లోకి పరిగెత్తినవాళ్లని వెంటాడి నరికారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఇళ్ల దగ్గరున్న ఆడవాళ్లకి ముందు తెలిసింది తమవాళ్లు ఇంటికి రాలేదన్న ఒక్కటే. చంపేసుంటారన్నది అప్పటికి అనుమానమే. ఆ అనుమానం నిజమని సంచులు బయటపడ్డాక తేలింది. పోరాడి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎవరు ఏ వేళకి, ఏ చోట, ఎవరి చేతిలో చనిపోయారో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందంది. ప్రాణభయంతో పరిగెత్తేవాడు గడియారం చూసుకుంటాడా?

ఇక్కడ ఆగి ఇంకో కేసు చూడాలి. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. ఆ కేసులో ఊహలు అల్లనివాళ్లు రాష్ట్రంలో లేరు. 2008లో ఒక దళిత యువకుణ్ణి పట్టుకొచ్చి వీడే హంతకుడన్నారు. 2010లో శిక్ష పడింది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులే ఇతను కాదని మొత్తుకున్నారు. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చేటప్పటికి ఎనిమిదేళ్లు జైల్లో పోయాయి. నేరం జరిగాక ఎవరో ఒకర్ని చూపించాల్సి వస్తే, ఆ వేలు ఎటు తిరుగుద్దో మనకి తెలుసు.

అసలు చిక్కు ఇక్కడుంది. అనుమానం ఎంత బలమైందైనా రుజువు కాదని సుప్రీంకోర్టు 1984లో శారద కేసులో గట్టిగా చెప్పింది. నేరాన్ని సందేహం లేకుండా రుజువు చెయ్యాలన్న ఆ సూత్రమే మన కుర్రాణ్ణి జైలు నుంచి బయటకి తెచ్చింది. చుండూరు ముద్దాయిల్ని వదిలేసినప్పుడు కోర్టు చెప్పిందీ ఆ సూత్రమే. మనవాడికి కావాలి, వాళ్లకి వద్దు అనగలమా? అనలేం. నేను ఆ సూత్రం పక్షానే నిలబడతాను. అది పోతే ముందు నలిగేది మన పిల్లలే.

అయితే సూత్రం వేరు, సందేహం పుట్టిన తీరు వేరు. రుజువు ఆకాశం నుంచి ఊడిపడదు. వెంటనే కేసు కట్టడం, చోటు చూసి పంచనామా రాయడం, శవపరీక్ష సరిగా చేయడం, చూసినవాళ్ల మాట ఆ రోజే రాసుకోవడం, ఇదంతా పని. శవం దొరక్కపోయినా హత్య రుజువు చెయ్యొచ్చని 1981లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పని మొదటి రోజుల్లో చెయ్యకుండా వదిలేస్తే సందేహం దానంతటదే పెరుగుద్ది. ఏళ్ల తర్వాత ఆ సందేహం ముద్దాయికి లాభిస్తుంది. పొలం దున్నకుండా వదిలేసి పంట రాలేదని కూలివాణ్ణి తిట్టినట్టు, చివరికి సాక్షిదే తప్పంటారు.

బొజ్జా తారకం గారిది మా గోదారి అవతల కోనసీమలో కందికుప్ప. 1985లో కారంచేడు మారణకాండ జరిగితే హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేసి బాధితుల వైపొచ్చారు. కోపం ఒక్కటే చాలనుకుంటే ఆయన కోర్టు గుమ్మం తొక్కక్కర్లేదు. కోపాన్ని కాగితం మీద నిలబడే మాటగా మార్చాలని ఆయనకి తెలుసు.

అంచేత చదువుకుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ, సంఘాల్లో తిరిగేవాళ్లకీ నేను చెప్పేది ఇదీ. ఎవరైనా కనపడకుండా పోయారని తెలిస్తే ఆ ఇంటికి కథ పట్టుకెళ్లకండి, కాగితం పట్టుకెళ్లండి. చివరిసారి ఎవరు, ఎక్కడ, ఏ వేళకి చూశారు? ఏ బట్టలున్నాయి? ఎవరితో పనికెళ్లాడు, కూలి ఎంత రావాలి? చూసినవాళ్ల పేరు పక్కన చూసింది రాయండి. విన్నది విన్నదని రాయండి. చంపింది ఎవరన్న గడి తెలిసేదాకా ఖాళీగా ఉంచండి. మా హద్దు కాదని స్టేషన్లో అంటే, నేరం జరిగిందని చెప్పగానే కేసు కట్టి తీరాలని 2013లో లలితా కుమారి తీర్పు చెప్పిందని గుర్తుచేయండి. హద్దు ఏదైనా ఫిర్యాదు తీసుకోవాలని ఇప్పుడు చట్టంలోనే ఉంది. అట్రాసిటీ చట్టానికి 2016లో అమల్లోకొచ్చిన సవరణ సాక్షులకి రక్షణ హక్కులిచ్చింది. అవీ అడగండి.

అనుమానం మన హక్కు. దాన్ని సాక్ష్యమని చెప్పుకునే హక్కు మనకి లేదు, వాళ్లకీ లేదు. ఖాళీ గడిని ఊహతో నింపితే మనవాణ్ణి చంపినవాడు తప్పించుకుంటాడు, ఏమీ ఎరగనివాడు ఇరుక్కుంటాడు. ఆ గడి నింపాల్సినవాడు జీతం తీసుకుంటున్నాడు. నింపేదాకా ఆ కాగితం పట్టుకుని వాడి బల్ల ముందు నిలబడడమే మన పని.