అఖండదీపమునకు చమురు

శ్రీమన్నారాయణుని కల్యాణగుణములు అనంతములు. వానిలో ఆర్తుడు మొట్టమొదట ఆశ్రయించునది రక్షకత్వము. మడుగులో చిక్కిన గజేంద్రునకు స్వామి ఐశ్వర్యముతో పని లేదు. ఆయన వచ్చి కాపాడుటతోనే పని. ఇది యెరిగియే వైష్ణవులు సర్వరక్షకుడను నామమున ప్రీతి చూపుదురు. కాని లోకమున ఆ రక్షణము తరచుగా మనుష్యుల చేతుల మీదుగానే జరుగవలసియున్నది. ఏడ్చు బిడ్డ కన్నీరు తుడుచునది ఒక మానవహస్తము. భగవంతుని కరుణకు తరుగు లేదు. మానవుని కరుణకు తరుగు కలదు. ఇతరుల బిడ్డలను కాచి కాచి హృదయము ఎండిపోయిన మనుష్యుడు ధర్మము తప్పినవాడగునా? ఆ ఎండిపోవుటకు ఉత్తరవాదులెవరు? ఈ ప్రశ్న సామాన్యమైనది కాదు. సమాధానము తప్పినచో నష్టపోవువారు నోరు లేని పసివారు.

హైదరాబాదు నుండి ముంబయి వైపు పోవు రహదారి వెంట రామచంద్రాపురము దాటిన పిమ్మట పటాన్‌చెరు, ఇస్నాపూరు వచ్చును. మరికొంత దూరమున సంగారెడ్డి. 1970వ దశాబ్ది నుండి పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము, గడ్డపోతారము మొదలగుచోట్ల మందుల కర్మాగారములు, రసాయన కర్మాగారములు, యంత్ర పరిశ్రమలు వెలసినవి. ఒకనాడు చెరువుల క్రింద వరి పండించిన నేలకు నేడు ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశముల నుండి, మన పల్లెల నుండియు, కూలి వెదకుకొనుచు జనులు వచ్చుచున్నారు. 2016లో మెదక్ జిల్లా నుండి విడివడి ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో ఈ ప్రాంతమంతయు చేరియున్నది. తండ్రి రాత్రి షిఫ్టునకు పోవును. తల్లి పగటి షిఫ్టునకు పోవును. ఒంటిగది అద్దె ఇంటిలో బిడ్డకు తోడు తాళము చెవి మాత్రమే. అట్టి బిడ్డ ఉదయమున పాఠశాలకు వచ్చినప్పుడు పుస్తకముల సంచితో పాటు మరియొక బరువును కూడ మోసికొని వచ్చును. ఆ రెండవ బరువును దింపుకొనుటకు బిడ్డకు కనబడు పెద్దవారు తరగతి ఉపాధ్యాయిని ఒక్కతెయే.

ఆమెకు బి.ఇడి.లో గణితము చెప్పుట నేర్పిరి, తెలుగు చెప్పుట నేర్పిరి. కాని తెలుగు రాని ఒడియా బాలుడు రెండు దినములుగా భుజించలేదని అతని కన్నులలో చదువుట ఎవరును నేర్పలేదు. పదునాలుగేండ్ల బాలిక ఎల్లుండి తనకు పెండ్లియని గుసగుసగా చెప్పినప్పుడు చేయవలసినదేమో పాఠ్యపుస్తకమున లేదు. బాలిక మేనిపై గాయమును చూచి, అది పడిన దెబ్బ కాదు, కొట్టిన దెబ్బయని గ్రహించిన రాత్రి ఆమెకు నిద్ర పట్టదు. మరునాడు హాజరుపట్టీ, మధ్యాహ్న భోజనపు లెక్క, సిలబసు, పరీక్షలు యథావిధిగా ఎదురుచూచుచుండును. మందలించినచో తల్లిదండ్రులకు కోపము. మందలింపకున్న అధికారులకు కోపము. ఏదేని కీడు జరిగిననాడు వార్తాపత్రికలో మొదట వచ్చునది ఆమె పేరే. జరుగవలసిన కీడు ఆమె జాగరూకత వలన జరుగక తప్పిపోయిన దినములను ఏ పత్రికయు ప్రకటింపదు.

వసతి పాఠశాలలలో ఈ భారము ఇంకను అధికము. 2004లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు వెనుకబడిన కుటుంబముల బాలికలకు చదువుతో పాటు గూడును ఇచ్చుచున్నవి. అచ్చటి స్పెషల్ ఆఫీసరు పగలు ప్రధానోపాధ్యాయిని, రాత్రి తల్లి. సి.ఆర్.టి.లనబడు ఉపాధ్యాయినులలో పెక్కుమంది ఒప్పంద ఉద్యోగినులు. ఒక బాలికకు జ్వరము, ఒకతెకు ఇంటిపై బెంగ, ఒకతెకు తొలి ఋతుదినమున భయము, ఒకతె గోడ దాటి పోవుటకు యత్నము. ఇవన్నియు ఒకే రాత్రి జరుగవచ్చును. 2024 డిసెంబరులో తెలంగాణమున సమగ్ర శిక్షా ఒప్పంద ఉద్యోగులు తమ కొలువులను క్రమబద్ధము చేయుమని సమ్మె చేసిరి. పరుల బిడ్డలకు భద్రత నిచ్చువారు తమ బ్రతుకునకు భద్రత కోరుకొనుటలో వింత లేదు.

2025 జూన్ 30వ తేదీన పాశమైలారములోని ఒక మందుల కర్మాగారమున ప్రేలుడు సంభవించి నలువదిమందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో అనేకులు పరరాష్ట్రముల నుండి వచ్చినవారు. అట్టి దినమున పెద్దలందరు ఆసుపత్రికిని కర్మాగార ద్వారమునకును పరుగిడుదురు. తండ్రి జాడ తెలియని బిడ్డ చేయి పట్టుకొని కూర్చుండు పని ఎవరో ఒకరిపై పడును. ఆ పనికి జీతపు పట్టికలో శీర్షిక లేదు. మరునాడు ఆ చేయి పట్టుకొన్నవారి గుండె యెట్లున్నదని అడుగువారును ఉండరు.

ఇట్టివారికి కలుగు స్థితిని ఆంగ్లేయులు 'బర్నౌట్' అందురు. 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వవేత్త న్యూయార్కు నగరపు ఉచిత వైద్యశాలలో స్వచ్ఛందముగా సేవ చేయువారిని చూచి దీనిని వర్ణించెను. ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. అతడు చూచినవారు సోమరులు కారు. సేవయందు మిక్కిలి ఉత్సాహము గలవారే. 1981లో క్రిస్టినా మాస్లాక్ అను విదుషీమణి మరియొకరితో కలిసి దీనిని కొలుచు విధానమును రూపొందించి మూడు లక్షణములను నిరూపించెను. మొదటిది మనస్సు పూర్తిగా అలసిపోవుట. రెండవది ఎదుటి మనిషి మనిషిగా గాక ఒక 'కేసు'గా కనబడుట. మూడవది తాను చేయునదంతయు వ్యర్థమని తోచుట. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో దీనిని చేర్చుచు, ఇది వ్యాధి కాదనియు, పనిచేయు చోట తీరని ఒత్తిడి వలన పుట్టు స్థితియనియు చెప్పినది. అనగా లోపమును వెదకవలసినది మనిషిలో మాత్రమే కాదు, పనిలో కూడ.

ఈ మూడింటిలో రెండవ లక్షణము భయంకరమైనది. అలసిన ఉపాధ్యాయిని క్రూరురాలు కాదు; ఆమె ప్రశ్నించుట మానును, అంతే. బాలిక కన్నులు దించుకొని నడచినప్పుడు చూచియు చూడనట్లుండును. అడిగినచో ఏదో బయటపడును, బయటపడినచో తాను మోయవలెను, మోయుటకు శక్తి లేదు. ఇట్లు కావలి అలసిన చోట ద్వారము తెరచియేయుండును. కావున రక్షకుల విశ్రాంతి వారి సొంత సుఖమునకు సంబంధించిన విషయము కాదు. అది బిడ్డల రక్షణలో ఒక అంగము.

ఈ మాట చెప్పగనే కొందరు గీతాచార్యుని నిష్కామకర్మను స్మరింపజేయుదురు. ఫలము కోరక పనిచేయువానికి అలసట యెక్కడిదని వారి వాదము. ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపవలెను. ఫలాపేక్ష విడువుమని భగవానుడు చెప్పెను గాని, అన్నము, నిద్ర విడువుమని చెప్పలేదు. మితిమీరి మేల్కొనువానికి యోగము సిద్ధింపదని ఆ గీతయందే చెప్పియున్నాడు. మరియొక విషయము: నిష్కామకర్మ తనకు తాను చెప్పుకొనవలసిన ధర్మము. జీతము నిలిపిన అధికారి జీతము అందని ఉద్యోగినికి దానిని ఉపదేశించినచో అది వేదాంతము కాదు, బాకీ ఎగవేతకు వేసిన వేదాంతపు ముసుగు.

శ్రీమద్రామాయణమున గంగాతీరమున జరిగిన ఘట్టము స్మరణీయము. సీతారాములు నేలపై పవళించిరి. లక్ష్మణుడు ధనుర్ధారియై కావలి నిలిచెను. అప్పుడు గుహుడు వచ్చి, తానును తన జనులును కాచెదమనియు, లక్ష్మణుని శయనింపుమనియు ప్రార్థించెను. లక్ష్మణుడు నిద్రింపలేదు. కాని గుహుడు ఆయనను ఒంటిగా విడువక తానును మేల్కొనియుండెను. ఇరువురును దుఃఖము పంచుకొనుచు తెల్లవార్చిరి. మన తెలుగు స్త్రీల పాటలలో ఊర్మిళాదేవి నిద్ర కథ ప్రసిద్ధము. వనమున లక్ష్మణుడు మేల్కొనిన పదునాలుగేండ్లును అయోధ్యలో ఊర్మిళ నిద్రించెనట. ఆ కథ అల్లిన తల్లులకు ఒక లోకసత్యము తెలియును: ఎవరైన ఒకరు నిద్ర మానినచో ఆ నిద్ర ఋణమును మరియొకరు తీర్పవలసియుండును. ఆదిశేషుని అవతారమైన వానికే ఈ నియమము తప్పనప్పుడు, ముప్పది మంది బాలికలను కాచు సామాన్య స్త్రీకి తప్పునా? నేటి పాఠశాలలలో లక్ష్మణులు ఉన్నారు. కొరతపడినవారు గుహులు.

బిడ్డ రక్షణభారమును దింపుకొనుట పాపము కాదా యని సాధ్వియైన ఉపాధ్యాయిని సందేహించును. ఈ సందేహమునకు శరణాగతి శాస్త్రమున సమాధానము కలదు. శరణాగతికి అంగములుగా పెద్దలు చెప్పిన వానిలో కార్పణ్యము ఒకటి. తన అశక్తిని దాచక ఒప్పుకొనుటయే కార్పణ్యము. తనవల్ల కాదని చెప్పుట ఇచ్చట పరాజయము కాదు, రక్షణకు మొదటి మెట్టు. చట్టమును ఈ దారిలోనే నడచినది. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, బిడ్డపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపవలెను. తెలిసియు తెలుపకుండుట శిక్షార్హము. పోలీసులు ఇరువదినాలుగు గంటలలో బాలల సంక్షేమ సమితికి నివేదింపవలెను. విచారించుట, నిరూపించుట, శిక్షించుట ఉపాధ్యాయిని పనులు కావు. వినుట, నమ్ముట, తెలుపుట ఆమె పనులు. ఆపదలోనున్న బిడ్డ కొరకు 1098 సంఖ్యకు ఫోను చేయుట కూడ అట్టిదే. ఈ హద్దు తెలియక, లోకమంతయు తన తలపైననే యున్నదని భావించువారే త్వరగా కాలిపోవుదురు.

అయినను భారమును అప్పగించుట వేరు, విడిచిపెట్టుట వేరు. కాగితము పంపి కన్నులు మూసికొనుట భరన్యాసము కాదు. తెలిపిన పిమ్మట కూడ ఆ బాలిక తరగతిలోనే కూర్చుండును. ఆమెకు ఆ దినమున ఒక చిరునవ్వు, ఒక పిలుపు అవసరము. అవి మాత్రము మరియొకరికి అప్పగింపరానివి. అట్లే అలసట దండనకు సాకు కారాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము బిడ్డను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. అలసినవారికి విశ్రాంతి హక్కు కలదు. బిడ్డపై చేయి చేసికొను హక్కు లేదు. చేయి లేచు దశకు రాకముందే, తనకు తోడు కావలెనని అడుగుట వారి ధర్మము. అడిగినప్పుడు ఇచ్చుట పైవారి ధర్మము. అడిగినవారిని చేతకానివారిగా ముద్ర వేయుచోట ఎవరును అడుగరు. అడుగనిచోట కీడు దాగియుండును.

దేవాలయ వ్యవస్థను చూచినచో ఈ ధర్మము సుబోధకమగును. తిరుమల సన్నిధిలో వేకువన సన్నిధి గొల్ల, అర్చకులు, జీయరు స్వాములు ఎవరి కైంకర్యమును వారు నెరవేర్తురు. పోటులో వండువారు వేరు, పూలు కట్టువారు వేరు. కైంకర్యము ఎంత పవిత్రమైనను ఒక్కనిపై మోపలేదు; పవిత్రమైనది కనుకనే పంచినారు. సుప్రభాతముతో మేల్కొలిపిన స్వామిని రాత్రి ఏకాంతసేవలో జోలపాడి పవళింపజేయుదురు. నిద్ర యెరుగని సర్వరక్షకునకే మన పెద్దలు పవళింపుసేవ ఏర్పరచినప్పుడు, నిద్ర లేక సొలసిన రక్షకులకు ఒక రాత్రి విరామము ఏర్పరచుట మనకు బరువా?

గృహస్థులు చేయదగినవి కొన్ని కలవు. వసతి గృహమున బిడ్డను చేర్చిన తల్లిదండ్రులు పరీక్షల మార్కులు అడుగుటకు మాత్రమే గాక, వార్డెనమ్మ క్షేమము అడుగుటకును పోవచ్చును. పాఠశాల యాజమాన్య సమితిలో సభ్యులైనవారు రాత్రి కాపుదలకు వంతులున్నవా, జ్వరపడిన ఉపాధ్యాయినికి బదులు మనిషి కలదా యని విచారింపవచ్చును. పొరుగింటి ఒడియా బిడ్డ సాయంకాలము ఒంటిగా నున్నచో తమ వాకిట కూర్చుండబెట్టుకొని నాలుగు అక్షరములు చదివింపవచ్చును. ఇవి చిన్న పనులు. కాని కావలి ఒక్కతె చేతి నుండి ఊరి చేతికి కొంత మారును.

గర్భాలయమున వెలుగు అఖండదీపమును చూచి భక్తులు కన్నుల కద్దుకొందురు. అది ఆరకుండుటకు వత్తి గొప్పతనము చాలదు. వేళ తప్పక చమురు పోయు చేయి యొకటి యున్నది. దానిని ఎవరును చూడరు. చమురు లేక వెలుగు వత్తి తనను తాను కాల్చుకొనును. ఆ వెలుగు కొంతసేపు మరింత ప్రకాశముగా కూడ కనబడును. దానినే త్యాగమని మెచ్చుకొనుచు కూర్చున్నచో, గర్భాలయమున చీకటి కమ్ముటకు మనమే కారకులమగుదుము. బిడ్డలను కాచు దీపములకు చమురు పోయు బుద్ధిని, ఆర్తత్రాణపరాయణుడైన శ్రీనివాసుడు మనకందరకు అనుగ్రహించుగాక.