గడువు తీరిన సొత్తు

డబ్బిచ్చి ఒక వస్తువును కొన్న మనిషి దానికి యజమాని అవుతాడా, కాడా? యీ ప్రశ్న వింటే చాలామంది నవ్వుతారు. కొన్నవాడు కాక మరెవరు యజమాని? నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నిరుడు మా విద్యార్థి ఒకడు నా బల్లమీద పెట్టిన చిన్న చీటీ ఆ నమ్మకాన్ని కదిలించింది.

ఆ కుర్రవాడు పగలు కాలేజీలో డిగ్రీ చదువుతూ, రాత్రిళ్లు అలిపిరి వెళ్లే దారిలో ఒక లాడ్జిలో పనిచేస్తాడు. వీడియో గేములంటే వాడికి ప్రాణం. ఆట ఆడే యంత్రాన్ని బంధువుల పిల్లవాడి దగ్గర పాతది తీసుకున్నాడు. మూడు నెలల జీతంలో మిగిల్చిన డబ్బుతో వూళ్లో ఒక దుకాణంలో సీలు విప్పని కొత్త డిస్కు కొన్నాడు. పెట్టె అట్టమీద, లోపల ఒక కోడు వున్నదనీ, దానితో ఆటలో మరొక పాత్రనూ, కొన్ని కొత్త ఘట్టాలనూ డౌన్‌లోడ్ చేసుకోవచ్చుననీ పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. వాడు యింటికి వెళ్లి, సీలు చించి, చీటీ తీసి, కోడు కొట్టాడు. గడువు ముగిసిందని తెరమీద జవాబు వచ్చింది. చీటీ వెనక చీమ తలకాయలంత అక్షరాల్లో ఒక తేదీ వున్నది. ఆ తేదీ వాడు పెట్టె కొనటానికి నాలుగు నెలల ముందే గడిచిపోయింది!

దుకాణదారు, సీలు చించిన పెట్టె వాపసు తీసుకోనన్నాడు. కంపెనీకి రాస్తే, ఆ సదుపాయం కాలపరిమితి ముగిసిందని మర్యాదగా జవాబిచ్చారు. చిక్కంతా యిక్కడే వున్నది. తేదీ చూడాలంటే సీలు చించాలి. సీలు చించితే తిరిగి యివ్వటానికి వీల్లేదు. మోసపోయినట్టు తెలిసే క్షణమూ, మోసానికి విరుగుడు లేకుండాపోయే క్షణమూ ఒకటే.

"దుడ్లు పెట్టి కొన్నాను గదా సార్. తేదీ చూసుకోకపోవటం నాదే తప్పంటారా?" అని వాడు అడిగాడు.

నేనన్న మాట చెప్పటానికి యిప్పుడు సిగ్గుగా వుంది. "ఆ డబ్బు పుస్తకాలమీద పెట్టరాదా?" అన్నాను. వాడు మారు మాట్లాడకుండా చీటీ తీసుకుని వెళ్లిపోయాడు. వాడు న్యాయం అడిగాడు; నేను నీతి చెప్పాను. యీ వ్యాసం ఆ తప్పును దిద్దుకునే ప్రయత్నం.

నాలాగే కొందరు మిత్రులు అభ్యంతరం చెబుతారు. సీమలో రైతు నీళ్లకోసం మొత్తుకుంటూ వుంటే, వుద్యోగాలు లేక చదువుకున్నవాళ్లు వూళ్లు వదలిపోతూ వుంటే, ఆటబొమ్మల గొడవ మనకెందుకని. అభ్యంతరం తీసిపారేయదగింది కాదు. అయితే బాధ యెంత పెద్దదన్న ప్రశ్న వేరు. సూత్రం యెటువంటిదన్న ప్రశ్న వేరు. వ్యాపారవ్యవస్థ తన కొత్త సూత్రాలను ముందు యెవరూ పట్టించుకోనిచోట పరీక్షిస్తుంది. అక్కడ చెల్లుబాటైతే మిగతా బతుకుమీదికి తెస్తుంది. కాబట్టి బొమ్మ దగ్గరే సూత్రాన్ని పట్టుకోవటం మంచిది.

గడువు అనేది దానంతటది అన్యాయం కాదు. అలిపిరిలో వుండేవాళ్లకు యీ సంగతి యెవరూ చెప్పనక్కర్లేదు. మెట్లదారి మొదట్లో అమ్మే పూలమాల సాయంత్రానికి వాడుతుంది. పాలు విరుగుతాయి. బస్సు కదిలితే ఖాళీ సీటుకు విలువ లేదు. భూదేవి కాంప్లెక్సులో యిచ్చే సర్వదర్శనం టోకెనుమీదా ఫలానా వేళ అని వుంటుంది. దానికి కారణం వున్నది: గుడిలో ఒక గంటలో యింతమందే నడవగలరు. ఒకరు తన వేళ దాటి వస్తే ఆ చోటు మరొకరిది. పైగా ఆ టోకెను యెవరికీ అమ్మలేదు. యీ గడువులన్నీ వస్తువు స్వభావంలోనుంచో, చోటు చాలకపోవటంలోనుంచో పుట్టినవి.

మరి కోడు సంగతి యేమిటి? ఆ పాత్ర పూలలాగా వాడిపోదు. దాన్ని మా కుర్రవాడు దించుకుంటే మరొకరికి తక్కువ కాదు. యెన్నివేలమంది తీసుకున్నా అది తరగదు. ఆ ఘట్టాలను గీసిన చిత్రకారులూ, రాసినవారూ, ప్రోగ్రాములు కట్టినవారూ పడిన శ్రమ అంతా యెక్కడో యంత్రంలో చెక్కుచెదరకుండా వున్నది. దానికి గడువు పెట్టింది ప్రకృతి కాదు, అమ్మినవాడి యిష్టం. 1930ల సంక్షోభంలో ధర నిలబెట్టటానికి బ్రెజిల్‌లో కాఫీ గింజలను కుప్పలు పోసి తగలబెట్టారు. అక్కడ తగలబెట్టటానికి అగ్గి కావలసివచ్చింది. యిక్కడ ఒక తేదీ చాలు.

కంపెనీల తరఫున రెండు వాదాలున్నాయి. మొదటిది: కోడు మేము సరుకుతోపాటు యిచ్చే కానుక, కానుకకు యెంత గడువైనా పెట్టవచ్చు. కానుకే అయితే దాన్ని అట్టమీద పెద్ద అక్షరాలతో యెందుకు ప్రకటించారు? ధర చెప్పేటప్పుడు అది సరుకులో భాగం, లెక్క అడిగేటప్పుడు కానుకా? రెండోది: సర్వర్లు నడపటానికి ఖర్చవుతుంది, సంగీతానికీ, బొమ్మలకూ తీసుకున్న హక్కులకు కాలపరిమితి వుంటుంది. యిది నిజమే. అయితే ఆ ఖర్చూ, ఆ పరిమితీ అమ్మేనాడే అమ్మేవాడికి తెలుసు. తెలిసినవాడు అట్టమీద చెప్పకపోవటం, తెలియనివాడు నష్టపోవటం బేరమనిపించుకోదు.

అసలు కారణం మరొకటి వున్నది. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే అమెరికన్ కంపెనీ "ఆన్‌లైన్ పాస్" అనే పద్ధతి పెట్టింది. కొత్త డిస్కుతో వచ్చే కోడు ఒక్కసారే పనిచేస్తుంది. ఆ డిస్కును పాతదిగా కొన్నవాడు నలుగురితో కలిసి ఆడాలంటే కంపెనీకి మళ్లీ సొమ్ము కట్టాలి. 2011లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ ఆట ఒకదానిలో క్యాట్‌వుమన్ ఘట్టాలను కొత్త డిస్కుతో వచ్చే కోడు వెనక దాచారు. వినియోగదారుల కోపం చూసి 2013లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ పాస్ పద్ధతి మానుకుంది. కాని వుద్దేశం బయటపడింది: చేతులు మారే పాత సరుకును చంపటం. పాత పుస్తకాలతో చదువుకుని పైకి వచ్చిన మనకు దీని అర్థం వేరే చెప్పాలా? సీనియర్ దగ్గర సగం ధరకు కొన్న పుస్తకంలో ఛందస్సు అధ్యాయం తెరుచుకోనని మొరాయిస్తే మనలో యెంతమంది ఎం.ఏ. పాసయ్యేవాళ్లం?

యీ తగాదా కొత్తదేం కాదు. అమెరికాలో ఒక ప్రచురణకర్త తన నవలను డాలరుకు తక్కువగా అమ్మరాదని పుస్తకంలోనే అచ్చువేశాడు. ఒక దుకాణం 89 సెంట్లకు అమ్మింది. ఒకసారి అమ్మిన ప్రతిమీద ప్రచురణకర్త అటువంటి పెత్తనం చెలాయించలేడని 1908లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే 1908లో మన మద్రాసు రాజధానిలో ఎస్టేట్ల భూమి చట్టం వచ్చి, జమీందారీ రైతుకు తాను దున్నే భూమిమీద శాశ్వతమైన సాగుహక్కును గుర్తించింది. జమీందారీలు రద్దయ్యేందుకు 1948 చట్టందాకా ఆగవలసివచ్చింది. కార్వేటినగరం, పుంగనూరు, శ్రీకాళహస్తి జమీందారీలు చూసిన ప్రాంతం మనది. శ్రమపడి దున్నేవాడొకడు, పెత్తనం మరొకడిది అయితే బతుకు యెలా వుంటుందో మన తాతలకు తెలుసు.

యిప్పుడు కొనుగోలుదారును ఆ పాత స్థితికే తీసుకుపోతున్నారు. వాడు కొంటున్నది వస్తువును కాదు, లైసెన్సును. అంటే కొనేవాడు కౌలుదారు అవుతున్నాడు. కాని చెల్లించేది కౌలు కాదు, పూర్తి క్రయం. కౌలుదారుకైనా గడువు ముందు తెలుస్తుంది. 2009లో అమెజాన్ కంపెనీ హక్కుల తగాదా వచ్చిందని, పాఠకులు కొనుక్కున్న ఆర్వెల్ నవలలను వాళ్ల కిండిల్ యంత్రాలలోనుంచి దూరాన కూర్చునే తుడిచేసింది. డబ్బు తిరిగి యిచ్చింది, తరవాత క్షమాపణ చెప్పింది. అయినా చెయ్యగలనని చూపించింది. ఉబిసాఫ్ట్ కంపెనీ 2014లో అమ్మిన "ది క్రూ" అనే ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు ఆపేస్తే, ఒంటరిగా ఆడుకుందామన్నా డిస్కు పనికిరాకుండా పోయింది. ఆ కోపంతో మొదలైన వుద్యమం ఐరోపాలో 2025 జూలై నాటికి పదిలక్షల సంతకాలు దాటించింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమలులోకి వచ్చింది: లైసెన్సు మాత్రమే యిస్తూ "కొనండి" అనే మాట వాడదలచుకుంటే ఆ సంగతి స్పష్టంగా చెప్పి తీరాలి. ఒక క్రియాపదానికి అర్థం కాపాడటానికి చట్టం చెయ్యవలసివచ్చిందంటే, ఆ పదానికి యెంత చేటు జరిగిందో వూహించండి.

ఆటలు ఆడనివాళ్లు తమకిది పట్టదనుకోవద్దు. జేబులో వున్న ఫోను చూసుకోండి. రోజుకు యింత డేటా అని కొంటాము. వాడగా మిగిలింది అర్ధరాత్రితో మాయమవుతుంది. నెల అని 28 రోజులు అమ్మారు. 28ని 13తో హెచ్చించండి, 364 వస్తుంది. పన్నెండు నెలల సంవత్సరంలో పదమూడు నెలల చెల్లింపు! చివరకు 2022 జనవరిలో ట్రాయ్ జోక్యం చేసుకుని, ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాను యివ్వాలన్నది. 2024 డిసెంబరులో ప్రత్యేక వోచర్ల గరిష్ఠ గడువును 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచింది. డేటా అక్కర్లేనివారికి మాటలకూ, సందేశాలకూ వేరే వోచరు వుండాలన్నది. కూలికి పోయే మనిషి రీఛార్జీ గడువూ, మా కుర్రవాడి కోడు గడువూ ఒకే సూత్రానికి పుట్టిన కవలలు.

మన చట్టం యేమంటుంది? 2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం "అన్యాయమైన ఒప్పందం" అనే భావాన్ని గుర్తించింది. మంచిదే. అయితే అటువంటి ఒప్పందంమీద ఫిర్యాదును జిల్లా కమిషన్ వినదు. రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. ఒక చీటీకోసం లాడ్జి పని మానుకుని యే కుర్రవాడు పోతాడు? యీ లెక్క అమ్మేవాడికి బాగా తెలుసు. ఒక్కొక్కరి నష్టం చిన్నది కావటమే వాడికి రక్ష. కాబట్టి ఒక్కొక్కరుగా కాక కలిసి అడగటం తప్ప దారి లేదు. అడగవలసింది కూడా గొంతెమ్మ కోరిక కాదు. గడువు వుంటే పెట్టె బయట కనిపించాలి. గడువు దాటిన కోడున్న పెట్టెను పూర్తి ధరకు అమ్మరాదు. సర్వరు ఆపేసే రోజు వస్తే, కొన్నవాడి దగ్గర వున్నది పనిచేసే యేర్పాటు చేసి మరీ ఆపాలి.

పాత క్రయ శాసనాల్లో "ఆచంద్రార్కం" అని రాసుకునేవారు. అంత ఆశ మనకు అక్కర్లేదు. కాని మా వూరి కొండమీద ఒక నిజం జరిగింది. అన్నమయ్య సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు రాతి అరలో వందల యేళ్లు మూలపడి వుండి, 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో వెలుగు చూశాయి. తీసిన పండితుడు చదివాడు, అవి పలికాయి. గడువు ముగిసిందని అనలేదు. మనుషుల శ్రమలో పుట్టిన దేనికైనా, అది పాటగాని ఆటగాని, ఆలస్యంగా వచ్చిన మనిషిని కూడా చేరే హక్కు వున్నది. ఆలస్యంగా వచ్చేవాడు సాధారణంగా బీదవాడు. కొత్తది వచ్చిననాడే కొనలేనివాడు, ధర తగ్గేదాకా ఆగేవాడు, చిన్న వూళ్లో దుకాణం అరలో మిగిలిన సరుకు కొనేవాడు. తేదీ కోసేది ముందుగా వాడి మెడనే.

మొన్న ఆ కుర్రవాడు కనిపిస్తే నిలబెట్టి చెప్పాను: "తప్పు నీది కాదబ్బాయ్. ఆ రోజు నేను చెప్పవలసిన జవాబు అది." వాడు నవ్వి, "చీటీ యింకా వుంది సార్" అన్నాడు. పారేయవద్దన్నాను. కలిసి అడగబోయే రోజుకు అటువంటి చీటీలు చాలా కావాలి.