సమాధులు లేని చోట నిలిచిన రాయి

ధ్యాన భాగము: యెహోషువ 4:1–7



ఫ్రాన్సు దేశమున నార్మండీ ప్రాంతములో సెంత్ మేర్ ఎగ్లీజ్ అను చిన్న ఊరు కలదు. 1944 జూన్ 6న అమెరికా సైనికులు విమానములనుండి పారాచూట్లతో దిగి ఆ ఊరిని విడిపించిరి. ఆ ప్రాంతపు పోరాటములలో మరణించినవారిని ఊరి చెంత రెండు చోట్లను, సమీపమున బ్లోవీల్‌లో మరియొక చోటను వేలకొలదిగా పాతిపెట్టిరి. నేడు అచ్చట వారి సమాధి ఒక్కటియు లేదు. రోడ్డు ప్రక్కన జ్ఞాపకార్థపు రాయి మాత్రమున్నది.

యుద్ధము ముగిసిన పిమ్మట ప్రభుత్వము మృతుల ఇంటివారిని అడిగెను: దేహమును స్వదేశమునకు తెప్పింతుమా? అన్యదేశమందే శాశ్వత స్థలమున ఉంచుదుమా? అనేకులు ఇంటికి తెప్పించుకొనిరి. తక్కినవారిలో అనేకులు 1956లో ప్రతిష్ఠింపబడిన కొల్‌వీల్ సమాధుల తోటలో నున్నారు.

ఏ తల్లి ప్రేమ గొప్పది? తెప్పించుకొనిన దానిదా, అక్కడనే విడిచిన దానిదా? సహోదరులారా, యోసేపు ఎముకలను ఇశ్రాయేలీయులు ఐగుప్తునుండి మోసికొని వచ్చి షెకెములో పాతిపెట్టిరి. మోషే సమాధి యెచ్చటనో నేటివరకు ఎవరికిని తెలియదు. అతనిని పాతిపెట్టినవాడు దేవుడే. ఇద్దరును ఆయనకు ప్రియులే.

కూలికై దూరము పోయి అక్కడనే కన్నుమూసిన బిడ్డల తల్లులు మన సంఘములలో లేరా? అమ్మా, నీవెరుగని ఆ చోటు దేవుడెరుగును.

యొర్దాను నీళ్లు మరల పారినప్పుడు, జనులు నడచిన ఆరిన నేల కనబడకపోయెను. గట్టున పండ్రెండు రాళ్లు నిలిచెను. పిల్లలు వాటినిగూర్చి అడుగుటకును, పెద్దలు చెప్పుటకును అవి నిలిచెను. గురుతు మాసిన చోటనే రాయి అవసరము. అడుగు పిల్లలుండియు చెప్పు పెద్దలు లేనియెడల ఆ రాయి వట్టి రాయియే.

ఆ ఊరి మేయరు భార్య సిమోన్ రెనో ఆ సమాధులపై పూలుంచెను. సముద్రమునకు ఆవలనున్న తల్లులకు ఉత్తరములు వ్రాసెను. ఆ మృతులు ఆమె బంధువులు కారు.

ఈస్టరునకు మన వారి సమాధులకు సున్నము వేయుదుము. ప్రక్కనున్న దిక్కులేని సమాధిమీది ముళ్లకంప తీయుటకు ఒక గడియ చాలదా? అది ఎవరిదని మీ పిల్లలడిగిన యెడల ఏమి చెప్పెదరు?

మన ప్రభువు సమాధియు ఖాళీయే. ఆ ఖాళీయే మన నిరీక్షణ. ఆయన పిలుచు దినమున ఏ దేశపు మన్నును అడ్డురాదు. ఆమేన్.