మైల ఎక్కడుంది?

మన గూడేల్లో కుక్క లేని ఇల్లు అరుదు. నల్లమల చెంచు పెంటల్లో తేనెకో, గడ్డలకో అడవిలోకి వెళ్లే మనిషికి కుక్క తోడు. ఎలుగుబంటి దగ్గర్లో ఉంటే మనకంటే ముందు దానికే తెలుస్తుంది. పందులు పెంచే ఎరుకల కుటుంబాల్లో పంది అంటే ఇంట్లో దాచుకున్న డబ్బు. పిల్లల చదువు, ఆసుపత్రి ఖర్చు, పెళ్లి, ఏది వచ్చినా ముందు చూసేది పందుల దొడ్డి వైపే. ఇదే కుక్క, ఇదే పంది బడికి, బజారుకు వచ్చేసరికి తిట్టుగా మారతాయి. జంతువు అపవిత్రం అన్నాక దాన్ని పెంచేవాళ్లు కూడా అదే లెక్కలోకి వస్తారు. "పందులోళ్లు" అనే పిలుపు అలాంటిదే.

ఒక జంతువు పుట్టుకతోనే మైల అవుతుందా? ఆ మైల దాని ఒంట్లో ఉందా, చూసేవాళ్ల మనసులో ఉందా? ఈ ప్రశ్న మన యువతకు ఇప్పుడు అవసరం. చదువు కోసం గూడెం వదిలినవాళ్లలో కొందరు, కొత్త మతంలోకో కొత్త భక్తిలోకో వెళ్లినవాళ్లలో కొందరు తమ తాతలు ఏం పెంచారో చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నారు. సిగ్గుపడే ముందు ఒకసారి కలిసి ఆలోచిద్దాం.

మైల నిజంగా జంతువు ఒంట్లోనే ఉంటే అన్ని మతాలకూ ఒకేలా కనిపించాలి. అలా కనిపించడం లేదు. కుక్క నోరు పెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలని ముస్లింల హదీసుల్లో ఉంది. అయితే శిక్షణ పొందిన వేటకుక్క పట్టి తెచ్చిన జంతువును తినవచ్చని ఖురాన్ అనుమతిస్తుంది. గుహలో నిద్రపోయిన భక్తుల కథలో వాకిట పడుకున్న కుక్కను కూడా అది తలుస్తుంది. ఆ మతంలోనే మాలికీ సంప్రదాయ పండితులు కుక్కను అశుద్ధం అనరు. పార్సీల పాత ఆచారంలో శవం మీద కుక్క చూపు పడాలి. ఆ చూపు చావు మైలను తరిమేస్తుందని నమ్మకం. నేపాల్‌లో తిహార్ పండుగకు ఒక రోజంతా కుక్కలదే. బొట్టు పెట్టి, పూలదండ వేసి, తిండి పెడతారు. ఒకచోట తాకితే మైల, ఇంకొకచోట చూస్తేనే మైల పోతుంది. జంతువు మాత్రం అదే.

దూరం ఎందుకు, మన చుట్టూ చూద్దాం. తిరుమలలో ముందు వరాహస్వామిని దర్శించుకుని, తర్వాతే వేంకటేశ్వరుణ్ణి చూడాలన్నది ఆచారం. సింహాచలంలో కొలిచేది వరాహ నరసింహుణ్ణి. కాలభైరవుడి వాహనం కుక్క, దత్తాత్రేయుడి పాదాల దగ్గర నాలుగు కుక్కలు. గుడిలో ఈ రూపాలకు దండం పెట్టిన చేతులే వీధిలో పందులు తోలుకుపోయే మనిషిని దూరంగా జరగమంటాయి. బొమ్మకు మొక్కు, ప్రాణికి రాయి. ఇది భక్తి చెప్పిన తేడా కాదు, మనిషి గీసిన గీత.

మహాభారతంలో ఈ గీత గురించి రెండు కథలున్నాయి. చివర్లో ధర్మరాజు వెంట స్వర్గం దాకా ఒక కుక్క నడిచి వస్తుంది. కుక్కతో వచ్చేవాళ్లకు ఇక్కడ చోటు లేదంటాడు ఇంద్రుడు. నమ్మి వచ్చినదాన్ని వదిలి నేను రానంటాడు ధర్మరాజు. అప్పుడు ఆ కుక్క ధర్మదేవతగా కనిపిస్తుంది. ఈ కథ బడి పిల్లలకు కూడా తెలుసు. కానీ మాకు మొదట్లో వచ్చే సరమ కథే ఎక్కువ దగ్గర. జనమేజయుడి యాగం దగ్గరకు ఒక కుక్కపిల్ల వెళ్తుంది. అది ఏ తప్పూ చేయలేదు. అయినా రాజు తమ్ముళ్లు దాన్ని కొట్టి తరుముతారు. తల్లి సరమ రాజు ముందు నిలబడి నిలదీస్తుంది. మంచిచెడ్డలు ఆలోచించకుండా సాధువులకు, పేదలకు కీడు చేసేవాళ్లకు అనుకోని భయాలు తప్పవని చెబుతుంది. నన్నయ దీన్ని తెలుగులో చెప్పాడు. మొదటి కథలో కుక్క దేవుడు అయింది కాబట్టి గౌరవం దక్కింది. సరమ బిడ్డ ఉత్త కుక్కపిల్ల. న్యాయం అడగడానికి దేవుడై ఉండనక్కర్లేదని ఆ తల్లి చెప్పింది.

జంతువు మీద వేసిన మైల జంతువు దగ్గర ఆగదు. మనుస్మృతి పదో అధ్యాయం చండాలులు, శ్వపచులు ఊరి బయటే ఉండాలంటుంది. కుక్కలు, గాడిదలే వాళ్ల ఆస్తి అంటుంది. శ్వపచుడంటే కుక్కను వండుకునేవాడు. అంటే ఒక జంతువు పేరుతోనే కొందరు మనుషులను ఊరి అవతలికి నెట్టారు. బైబిల్లో లేవీయకాండం పందిని, ఒంటెను, కుందేలును అపవిత్రం అంది. తర్వాత అపొస్తలుల కార్యములలో పేతురుకు అన్ని రకాల జంతువులూ ఉన్న దుప్పటి ఆకాశం నుంచి దిగినట్టు దర్శనం వస్తుంది. ఆ దర్శనం నుంచి అతను తెలుసుకున్నది ఏ మనిషినీ అపవిత్రుడు అనకూడదని. జంతువు గురించి మొదలైన మాట చివరికి మనిషి దగ్గరకే వస్తుందని ఆ కథ రాసినవాళ్లకు కూడా తెలుసు.

ఇక్కడ ఒకరు అడగవచ్చు: కుక్క కరిస్తే రేబిస్ రాదా, పంది వల్ల జబ్బులు రావా? వస్తాయి. అది శుభ్రతకు సంబంధించిన విషయం, దాన్ని మేము తేలిగ్గా తీసుకోం. కుక్క కరిస్తే గాయాన్ని పారే నీళ్లలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. అదే రోజు ఆరోగ్య కేంద్రానికి వెళ్లి టీకా వేయించుకోవాలి. పసరు, మంత్రం పనికిరావు. పంది మాంసాన్ని బాగా ఉడికించి తినాలి. అయితే పందికి బద్దెపురుగు ఎక్కడి నుంచి వస్తుంది? ఆరుబయట పడి ఉన్న మనిషి మలం నుంచి. ఆ పురుగు గుడ్లు నీళ్లలో, కూరగాయల మీద చేరితే పంది మాంసం ఎన్నడూ ముట్టనివాళ్ల మెదడుకు కూడా జబ్బు చేస్తుంది, మూర్ఛలు వస్తాయి. క్రిమికి మడి తెలియదు. మరుగుదొడ్డి, సబ్బు, టీకా జబ్బును ఆపుతాయి. మనిషిని గడప బయట నిలబెడితే ఏ జబ్బూ ఆగదు.

అలాగని ఎవరి నియమాన్నీ మేము తప్పు పట్టడం లేదు. మన తెగల్లోనూ తమ గోత్రపు జంతువును చంపని, తినని ఇంటిపేర్లవాళ్లున్నారు. ఒకరు పంది తినరు, ఒకరు ఆవును తినరు, ఒకరు పూజగదిలోకి కుక్కను రానివ్వరు. తన కంచం గురించి, తన గడప గురించి తాను పెట్టుకున్నది నియమం. పక్కవాడి కంచం చూసి వాడి విలువ కట్టడం అన్యాయం. ఈ మాట బయటివాళ్లకే కాదు, మనకూ వర్తిస్తుంది. పందులు పెంచే ఇంట్లో మంచినీళ్లు తాగడానికి వెనకాడేవాళ్లు గిరిజనుల్లోనూ ఉన్నారు. మనల్ని కొట్టిన కర్రతోనే మనం ఇంకొకరిని కొడితే, ఆ కర్ర ఎప్పటికీ విరగదు.

ఉపాధ్యాయులకు మా విన్నపం ఒకటే. తరగతిలో పెంపుడు జంతువుల పాఠం వచ్చినప్పుడు ఆవు, గేదె, మేక దగ్గర ఆగిపోవద్దు. పంది ఈతకు ఎన్ని పిల్లలను పెడుతుందో, దానికి ఏ జబ్బులు వస్తాయో, సంతలో ఎలా బేరం చేస్తారో పందులు పెంచే ఇంటి పిల్లలను చెప్పమనండి. కుక్క అడవిలో దారి ఎలా పడుతుందో చెంచు పిల్లవాణ్ణి చెప్పనివ్వండి. ఇది బలవంతంగా కాదు, పిల్లలు ఇష్టపడితేనే. మిగతా పిల్లలు శ్రద్ధగా వింటే చాలు. తన ఇంటి గురించి తలదించుకోకుండా మాట్లాడగలిగిన పిల్ల రేపు ఏ ఊరికి వెళ్లినా, ఏ దేవుణ్ణి కొలిచినా, తన అమ్మానాన్నల పనిని దాచిపెట్టదు.