బుద్ధిపూర్వకమైన ఓటమి

దక్షిణ ఢిల్లీలో పాత జె.ఎన్.యు. ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న బేర్ సరాయ్ పుస్తకాల దుకాణాలు, సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే తెలుగు యువతకు చిరపరిచితమైనవి. 2013లో మెయిన్స్‌లో నీతిశాస్త్ర పత్రం ప్రవేశించాక అక్కడ ధర్మసందేహాలకు కూడా గైడ్లు వెలిశాయి. ఆ పత్రంలో అడగదగిన ప్రశ్న ఒకటి క్రీడారంగంలో ఉంది. రేపటి లాభం కోసం నేడు కావాలని ఓడిపోవచ్చునా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఈ ప్రశ్న పాతది. అక్కడ 1936 నుంచి, గత సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకే కొత్త ఆటగాళ్లను ముందుగా ఎంచుకునే అవకాశం ఇస్తున్నారు. బలహీనుణ్ణి ఆదుకోవాలన్న ఉద్దేశం న్యాయమైనదే. అయితే సీజన్ చివరికి వచ్చేసరికి, ఎలాగూ పైకి రాలేని జట్టుకు గెలుపు నష్టంగానూ, ఓటమి పెట్టుబడిగానూ మారుతుంది. ఆటగాడు ఓడాలని ఆడడు. యాజమాన్యమే మంచి ఆటగాళ్లను పక్కన కూర్చోబెడుతుంది. పాపం చేసిన చెయ్యి కనిపించదు.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ బ్యాడ్మింటన్‌లో ఉంది. హైదరాబాద్‌కు చెందిన గుత్తా జ్వాల, కర్ణాటకకు చెందిన అశ్విని పొన్నప్ప 2010 కామన్వెల్త్ క్రీడలలో మహిళల డబుల్స్ స్వర్ణం గెలిచారు. ఆ పోటీలు జరిగిన సిరిఫోర్ట్ బేర్ సరాయ్‌కు కొద్ది కిలోమీటర్ల దూరమే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో వారు తైపీ, సింగపూర్ జోడీలను ఓడించి, జపాన్ చేతిలో ఓడారు. జపాన్ జోడీ తనకన్నా తక్కువ ర్యాంకు గల తైపీ చేతిలో ఓడింది. మూడు జోడీలూ రెండేసి విజయాలతో సమానంగా నిలిచినా, పాయింట్ల లెక్కలో భారత జోడీ నిష్క్రమించవలసి వచ్చింది. జపాన్ ఓటమిపై భారత బృందం చేసిన ఫిర్యాదును నిర్వాహకులు అంగీకరించలేదు. ఆ జోడీపై ఏ దోషమూ నిరూపితం కాలేదు; చివరకు రజతం కూడా గెలిచింది.

అదే జులై 31న చైనా, కొరియా, ఇండొనేషియా జోడీలు మాత్రం సందేహానికి తావివ్వలేదు. నాకౌట్‌లో అనుకూలమైన ప్రత్యర్థి కోసం సర్వీసులను నెట్‌లోకి కొట్టాయి. ప్రేక్షకులు గేలి చేశారు. గెలవడానికి శక్తివంచన లేకుండా ప్రయత్నించలేదన్న అభియోగంపై మరునాడు ఎనిమిది మంది క్రీడాకారిణులను బహిష్కరించారు. ఒలింపిక్ బ్యాడ్మింటన్‌లో గ్రూపు దశను ప్రవేశపెట్టింది ఆ ఏడాదే. ఓడినవారికి మేలు జరిగే దారిని తెరిచిన నిబంధనకర్తలకు ఏ శిక్షా లేదు.

ఇక్కడ క్రీడాకారిణుల పక్షాన చెప్పదగినది ఉంది. పతకమే లక్ష్యమైనప్పుడు ఒక మ్యాచ్‌ను వదులుకోవడం యుద్ధంలో వెనుకడుగు వంటిదే కదా అని. కాని సేనాని వెనుకడుగు వేస్తే మోసపోయేది శత్రువు ఒక్కడే. గ్రూపు పోటీలో ఇద్దరి మధ్య జరిగే ఆటపై మూడవవారి భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. ఆ మూడవవారు కోర్టులో ఉండరు, తమ రాత మార్చుకోనూ లేరు. ఆటగాడు రుణపడి ఉన్నది ప్రధానంగా వారికే. టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడిది ఆ తరువాతి స్థానం. బేర్ సరాయ్ అభ్యర్థి సన్నద్ధత చాలక, ఒక అవకాశం వృథా కాకూడదని ప్రిలిమ్స్‌కు హాజరు కాకపోతే ఎవరికీ అన్యాయం జరగదు. బరిలోకి దిగి ఆడుతున్నట్లు నటించడం వేరు.

పరిపాలకులకు ఈ చిక్కు కొత్తది కాదు. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు లోక్‌సభ స్థానాలు కోల్పోరాదనే కదా, 1976లో 42వ సవరణ 1971 లెక్కలను స్థిరపరచింది. సాయం పొందేవాడు తన చేతలతో మార్చుకోగల కొలమానాన్ని పెట్టి, అతడి నిజాయితీపై భారం వేయడం పాలనాదక్షత కాదు. పోనీ, అట్టడుగు జట్టు లేవడానికి అటువంటి బహుమతి తప్పనిసరా అంటే, 2008 ఐ.పి.ఎల్.లో చివరి స్థానంలో ఉన్న హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్, 2009లో విజేత అయింది.

లండన్ తరువాత ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య నిబంధన మార్చింది. గ్రూపులో రెండవ స్థానం పొందినవారి ప్రత్యర్థి ఎవరో, గ్రూపు పోటీలు ముగిశాకే లాటరీ తేలుస్తుంది. జ్వాల, అశ్విని 2016లో రియోలో మళ్లీ ఆడారు. మూడు గ్రూపు మ్యాచ్‌లలోనూ ఓడి ఇంటికి వచ్చారు. ఈసారి ఎవరి మీదా ఫిర్యాదు లేదు.