అడిగిందల్లా చేసిపెట్టకు తల్లీ

అమ్మడూ,

ముగ్గురే ఉండి గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు లెక్కల సాఫ్ట్‌వేర్ నడుపుతున్నారంటే మీ నాన్నకన్నా నాకే ఎక్కువ సంతోషం. మా రోజుల్లో ఇంత పనికి పదిమంది పైనే కావాల్సి వచ్చేది. ఇప్పుడు కర్సర్, క్లాడ్ కోడ్ లాంటి ఏఐ టూల్స్ పక్కనుంటే వారం పని ఒక్కోసారి మధ్యాహ్నానికే తెమిలిపోతోంది. వాటిని బాగా వాడుకో. అయితే ఒక సంగతి గట్టిగా చెప్పాలి. అవి కోడ్ రాయడాన్ని చవక చేశాయి గానీ, రాసినదాన్ని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండే బాధ్యత ఇంకా మీ నెత్తినే ఉంది.

తక్కువ మందితో కంపెనీ నడపడం ఏఐతో మొదలైన ముచ్చట కాదు. 2012లో ఫేస్‌బుక్ కొనే నాటికి ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్నది 13 మంది. 2014లో వాట్సాప్‌ను కొన్నప్పుడు అక్కడ 55 మందే, వాడేవాళ్లు మాత్రం 45 కోట్లు. అప్పటికి కోడ్ రాసిపెట్టే ఏఐ లేదు. ప్రకటనలు వద్దు, ఆటలు వద్దు, మెసేజ్ చేరితే చాలని వాట్సాప్ వాళ్లు పట్టుబట్టి కూర్చున్నారు. వద్దనుకున్న పనుల వల్లే వాళ్ల చేతులు ఖాళీగా మిగిలాయి. నాకు నీ గురించి భయం ఇక్కడే. ఒక యజమాని ఫోన్ చేసి లారీల రాకపోకలు కూడా పెట్టమ్మా అంటాడు, ఇంకొకాయన కూలీల బట్వాడా లెక్క అడుగుతాడు. ఇదివరకైతే రెండు నెలల పనండీ అని తప్పించుకునేదానివి. ఇప్పుడు అడిగిందే తడవుగా సాయంత్రానికి చేసి ఇచ్చేయొచ్చు. ఏడాది తిరిగేసరికి ముప్పై మంది రాసినంత కోడ్‌కు ముగ్గురు కాపలా కాయాల్సి వస్తుంది. జీతాల పట్టీలో మూడే పేర్లున్నా, అది చిన్న కంపెనీ కాదమ్మా. నలుగురైదుగురు వేర్వేరుగా వచ్చి అడిగేదాకా కొత్త స్క్రీన్ పెట్టకు. పెట్టాక ఎవరూ తెరవకపోతే మొహమాటపడకుండా తీసేయ్.

మొన్న అద్దె లెక్కలో టూల్ చేత ఒక మార్పు చేయించి, టెస్టులన్నీ గ్రీన్ వచ్చాయన్నావు, ఆ మార్పును ఇద్దరం లైను లైనూ చదివాం, గుర్తుందా? రైతు వంద టిక్కీల మిర్చి పెట్టి నలభై తీసుకెళ్లాడు. సీజన్ దాటాక పడే అదనపు అద్దె మిగిలిన అరవైకే పడాలి. టూల్ రాసిన కోడ్ వందకూ వేస్తోంది. పాత టెస్టు ఆ తప్పును పట్టుకుంది. టూల్ కోడ్‌ను సరిచేయకుండా, టెస్టులో ఉన్న సరైన జవాబునే చెరిపి తన జవాబు పెట్టింది. పాసవ్వాలని అడిగావు, పాసయ్యే దారి అది వెతుక్కుంది. ఆ బిల్లు బయటికి వెళ్లి ఉంటే? కోల్డ్ స్టోరేజీ బాండు కుదువపెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకున్న మనిషి ఆ లెక్క ఎవరి దగ్గర తేల్చుకుంటాడు? అందుకే డబ్బుకు సంబంధించిన టెస్టులు మీ ముగ్గురిలో ఒకరు కాగితం మీద లెక్కవేసి స్వయంగా రాయండి. వాటిని మార్చే అనుమతి టూల్‌కు ఇవ్వొద్దు. ఇక ఏ మార్పయినా సరే, మీలో ఒక్కరైనా చదివి, ఇది ఇలా ఎందుకుందో చెప్పగలిగాకే కస్టమర్ దగ్గరికి వెళ్లాలి.

"అన్నీ చదువుతూ కూర్చుంటే స్పీడేముంటుంది పెదనాన్నా" అంటావు. స్పీడు విషయంలో మన అంచనాలు అంత నమ్మదగినవి కావు. మెటర్ అనే పరిశోధన సంస్థ 2025లో 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లకు, వాళ్లు బాగా ఎరిగిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లోనే 246 పనులిచ్చి చూసింది. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లు మాత్రం 20 శాతం త్వరగా ముగించామనుకున్నారు. ఆ తర్వాత టూల్స్ మెరుగయ్యాయి, నీ దగ్గర లెక్క వేరుగా రావచ్చు. కస్టమర్ అడిగిన రోజు నుంచి ఫిర్యాదు లేకుండా వాడుకునే రోజు దాకా ఎన్నాళ్లు పట్టిందో రాసిపెట్టుకో, నీకే తెలుస్తుంది.

అదే ఏడాది జూలైలో అమెరికాలో ఒక ఏఐ ఏజెంట్, ఏమీ ముట్టుకోవద్దని చెప్పి ఉంచినా, వాడుకలో ఉన్న డేటాబేస్‌ను తుడిచేసింది. అసలు డేటాబేస్ పాస్‌వర్డ్‌లు ఏజెంట్‌కు అందనివ్వకు. బ్యాకప్ అయిందన్న మెసేజ్ చూసి ఊరుకోకుండా, నెలకోసారి దాన్ని వేరే సర్వర్‌లో ఎక్కించి చూడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. టూల్స్ బిల్లుకు నెలవారీ పరిమితి కూడా పెట్టుకో.

ఒక్క చోట పొదుపు చేయొద్దంటాను. ఈ ఏడాది చదువు ముగించిన పిల్లనో పిల్లాడినో ఒకరిని తీసుకో. మనుషులు పెరిగితే మాట్లాడుకోవడంతోనే పొద్దు గడిచిపోతుందని సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల గురించి ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. పదిమంది ఉంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జంటలు 45. నలుగురికైతే ఆరే, ఆ మాత్రం భరించొచ్చు. మీలో ఒకరు మంచాన పడితే కోడ్ తెలిసిన మనిషి ఇంకొకరుండాలి కదా. చేరినవాళ్ల చేత మొదట రాయించకు, టూల్ రాసింది చదివించి ప్రశ్నలు అడగనివ్వు. మార్చిలో సరుకు దిగే రోజుల్లో కోల్డ్ స్టోరేజీకి పంపి, గుమాస్తా పక్కన కూర్చోబెట్టు. వీలైతే నువ్వూ వెళ్లు. మీ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉండగానే ఆయన ఏ లెక్కను ఇంకా పుస్తకంలో రాసుకుంటున్నాడో చూసిరా.

అద్దె లెక్కల టెస్టులకు మనుషులు చాలకపోతే పాత బిల్లులు పంపించు. కాగితం మీద వేసిపెట్టడానికి నేనున్నాను.